పెనం దగ్గర నుంచి పొయ్యి దగ్గరికి

ఈ పేరు నేను ఎన్నడూ నోటితో పలకలేదు. మా వైపు పెళ్లాం మొగుడి పేరు పలకదు. ఎవరైనా అడిగితే "మా ఇంటాయన" అనేదాన్ని. జనాభా లెక్కలకు వచ్చిన గుమాస్తా గద్దించి అడిగితే పక్కింటి గుంటపిల్ల చేత చెప్పించాను. రాయడం పలకడం కాదు గదా అని ధైర్యం తెచ్చుకుని ఇప్పుడు రాస్తున్నాను. ఆయన పేరు పరదేశి.

పోయిన ఆషాఢంలో చలిజ్వరం వచ్చి తొమ్మిది రోజులు మంచాన పడి ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. మాకు పిల్లలు నిలవలేదు. ఆయన సంగతులు చెప్పుకోవడానికి ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. మన మందిరంలో ఆడవాళ్ల కూటం నడిపే పాస్టరయ్యగారి భార్య మొన్న వచ్చి, "అప్పలనరసమ్మా, మూడో తరగతి దాకా చదివావు కదా, ఆయన గురించి రాయి. కూటంలో చదువుకుందాం" అన్నారు.

"మంచివే రాయాలా అమ్మగారూ?" అని అడిగాను.

"ఉన్నవి రాయి" అన్నారు.

అందుకని ఉన్నదే రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఆయన బెల్లం వండేవారు. చోడవరంలో పెదబాబుగారి గానుగ దగ్గర పాకం చూడడం ఆయన పని. మీలో పెనం దగ్గర నిలబడని వాళ్లు ఉంటారు కాబట్టి ఆ పని కాస్త చెప్పాలి. రసం పెనంలో పోసిన దగ్గర నుంచి సున్నపు తేట వెయ్యాలి, పైకి తేలిన మడ్డి తియ్యాలి, పొంగు వచ్చినప్పుడల్లా తెడ్డుతో అణచాలి. చివరికి చిటికెడు పాకం చన్నీళ్లలో వేసి, వేళ్ల మధ్య ఉండ చేసి, ముంత అంచుకి కొట్టి చూడాలి. ఉండ ఠంగుమందంటే అదే అదను. కాస్త ముందు దించితే బెల్లం చెమ్మగిల్లి కారిపోతుంది. కాస్త ఆలస్యమైతే నల్లబడి చేదెక్కుతుంది. ఆయన ఉండ కొట్టిన చప్పుడు విని, పెనం చూడకుండానే రైతులు లేచి పంచె దులుపుకునేవారు. అంత నమ్మకం.

పెనం పైన ఉంటే పొయ్యి నోరు కింద గోతిలో ఉంటుంది. మంట వేసేవాడు నాలుగు మెట్లు దిగి, ఆ గోతిలో కూర్చుని ఎండు చెరకు పిప్పి పొయ్యిలోకి తోస్తుంటాడు. వాడికి పెనం కనపడదు. పైనుంచి "ఎగదొయ్యి" అంటే తోస్తాడు, "ఆపు" అంటే ఆపుతాడు. చెవి మీద నడిచే పని అది. ఆ గోతిలో పదేళ్లుగా దాసు ఉండేవాడు. దాసు మన సంఘం వాడు కాదు. వాళ్లావిడ సన్యాసమ్మా నేనూ ఒకే బావిలో నీళ్లు తోడుకునేవాళ్లం. నన్ను అక్క వరసతో 'అప్పా' అనేది.

మేము విశ్వాసంలోకి వచ్చింది నలభై తొమ్మిదిలో. మూడో బిడ్డను మట్టిలో పెట్టిన ఏడు అది. మందిరం అయ్యగారు మా అరుగు మీదికి వచ్చి మూడు రోజులు కూర్చున్నారు. బోధ చెయ్యలేదు, పాట పాడలేదు. మా ఇంటాయన బీడీ కాలిస్తే ఆ పొగ పీల్చుకుంటూ ఊరికే కూర్చున్నారు. నాలుగో రోజు మా ఇంటాయనే విసుక్కుని, "మూడ్రోజుల్నుంచి కూకున్నారు, మీ దేవుడి గురించి ఒక్క ముక్కైనా సెప్పరేటి?" అని అడిగారు. ఆ మాఘమాసంలోనే ఇద్దరం ఏటిలో బాప్తిస్మం తీసుకున్నాం.

మొదట్లో ఆయన విశ్వాసం బాగా పొంగింది. పొంగు చూసి పాకం వచ్చిందనుకున్నాం. ప్రభువు చేసిన మేళ్ల గురించి అంగట్లో సాక్ష్యం, బావి దగ్గర సాక్ష్యం, బస్సు కోసం నిలబడిన వాళ్లకు సాక్ష్యం. ఏటేటా మొదటి పెనంలో మొదటి బెల్లం దిమ్మ పాకం చూసినవాడిది, అది గానుగల దగ్గర ఆనవాయితీ. ఆయన ఆ దిమ్మ ఇంటికి తేకుండా మందిరానికి ఇచ్చేసేవారు. కోతల పండుగ నాడు దాన్ని పగలగొట్టి అందరికీ పంచేవాళ్లం. పరదేశి బెల్లం లేనిదే పండుగ లేదనేవారు పెద్దలు. యాభై మూడు కోతల పండుగకు ఆయన్ని సంఘ పెద్దగా నిలబెట్టాలని కూడా అనుకున్నారు. ఆ మాట తెలిసిన దగ్గర నుంచి ఆయన తలపాగా చుట్టే తీరు మారింది. నేను చూసి నవ్వుకున్నాను. నవ్వి ఊరుకోకుండా చెప్పి ఉండవలసింది.

ఆ ఏడు పుష్యమాసంలో ఒక పొద్దున చోడి అంబలి ముంత పట్టుకుని గానుగ దగ్గరికి వెళ్లాను. పెనంలో పాకం చిక్కబడి చిన్న బుడగలు లేస్తున్నాయి. పెదబాబుగారి అల్లుడు అనకాపల్లి నుంచి వచ్చి, మంచం మీద కూర్చుని రసం తాగుతున్నాడు. చుట్టూ అయిదారుగురు ఉన్నారు.

"పరదేశీ, నువ్వు పార్దన సేస్తే వాన ఆగిపోద్దంట. నిజవేనేటి?" అన్నాడు అల్లుడు.

"నాను ఆపడవేటి బాబూ, ఆ దేవుడాపేడు. పోయినేడు ఇదే పెనం కాడ. పడమటేపు నల్లగా కమ్మేసింది. నాను మోకాళ్ల మీద పడ్డాను. మేగం అలగే తిరిగి సీడికాడ ఊరేపు ఎల్లిపోయింది."

పిప్పి మోసే ముసలాయన బుట్ట దించి, "అలగైతే సీడికాడోలు ఏటి పాపం సేసేర్రా?" అన్నాడు.

అందరూ గొల్లున నవ్వారు. అల్లుడికి రసం పొలమారింది. మా ఇంటాయనకు రోషం వచ్చింది. తెడ్డు పెనం అంచున ఆనించి, వీపు పెనం వైపు పెట్టి, సాక్ష్యం మొదటి నుంచి మొదలు పెట్టారు. చేతులు తిప్పుతూ చెబుతున్నారు, నేను కూడా వింటూ నిలబడిపోయాను. బాగా చెప్పేవారు. ముందుగా వాసన నాకే తగిలింది.

"మావా, పెనం!" అన్నాను.

అప్పటికే ఆలస్యమైపోయింది. నలుగురూ పట్టి దించేసరికి పాకం తారులాగా ఉంది. తొట్టిలో పోస్తే నల్లటి పొగ లేచింది. మడి గట్టు మీద నుంచి పెదబాబుగారు పరుగెత్తుకొచ్చారు. "ఎవుడ్రా ఈ పని సేసింది?" అని అరిచారు.

మా ఇంటాయన తల తిప్పకుండా అన్నారు: "నాను ఆపమని కేకేసేను బాబూ. దాసుగాడు ఇనుకోలేదు."

ఒక్క మాట. ఆ నవ్వుల గోలలో కేక వేశారో లేదో మిగిలినవాళ్లు ఎవరూ గమనించలేదు. నాకు తెలుసు. ఆయన కేక వెయ్యలేదు.

దాసు మెట్లెక్కి పైకి వచ్చాడు. కనుబొమల దాకా బూడిద. నువ్వు అబద్ధమాడావని అనలేదు. కేక వేశారనే నమ్మాడు. "నాకు ఇనపళ్లేదు బాబూ. సెవులు దిబ్బడేసినట్టున్నాయి" అని చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు.

"సెవిటోడికి పొయ్యప్పగిస్తే కొంపలంటుకుంటాయి. రేపట్నుంచి రాకు" అన్నారు పెదబాబుగారు.

ఇంటికి వచ్చాక అన్నాను: "మావా, నువ్వు కేకెయ్యలేదు."

"వేసేను."

"నానక్కడే ఉన్నాను."

ఆయన చేతులు కడుక్కుంటున్నారు. చాలాసేపు కడుక్కున్నారు. తరవాత మెల్లిగా, "నన్ను పెద్దని సేస్తామంటన్నారు గదా. ఈడు సాక్ష్యం సెప్తా పెనం మాడ్సీసేడంటే ఇంక నా మాట ఎవుడింటాడే? దేవుడి పేరు పోదేటి?" అన్నారు.

దేవుడి పేరు ఒక దిమ్మ బెల్లంతో పోయేది కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయన పేరు పోతే నా పేరూ పోతుందని నాకూ ఉంది. ఇద్దరం ఊరుకున్నాం. ఆయన పాపం రాస్తూ నాది దాచుకుంటే ఈ కాగితం దండగ.

దాసుకి మళ్లీ పని దొరకలేదు. ఏ గానుగ దగ్గరికి వెళ్లినా "ఆడు సెవిటోడంట" అనేవారు. దేవరాపల్లి దాకా ఆ మాట పాకింది. సన్యాసమ్మ బావి దగ్గర నీళ్లు తోడుతూ, "ఇంట్లో సెప్పింది ఇంటన్నాడప్పా. పని కాడే ఇనపడదేటో" అని ఆశ్చర్యపోయేది. నేను చేద తాడు చూస్తూ ఊఁ కొట్టేదాన్ని.

మన మందిరంలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల. దానికి ముందు శనివారం, మనస్పర్థలున్న వాళ్లు ఒకరింటికి ఒకరు వెళ్లి మాట కలుపుకురావడం మన వాడుక. ఆ శనివారం ఆయన ఎక్కడికీ వెళ్లలేదు. గోడకు ఆనుకుని తాడు పేనుతూ కూర్చున్నారు. మర్నాడు ద్రాక్షరసం గిన్నె మా వరస దాకా వచ్చింది. ఆయన అందుకున్నారు, తాగలేదు, నాకు ఇచ్చేశారు. నేనూ తాగలేదు, పక్కావిడకు ఇచ్చేశాను. అయ్యగారు చూశారు. ఏమీ అనలేదు. మా అరుగు మీద మూడు రోజులు ఊరుకున్న మనిషి కదా, ఆయనకు తొందర లేదు.

రెండో నెల కూడా అంతే. ఈసారి వెనక వరసలో కూర్చున్నాం. ఇంటి దగ్గర మాత్రం ఆయన ప్రార్థనలు పొడుగయ్యాయి. దేశం కోసం, రాజమండ్రి అవతల ఉన్న సంఘాల కోసం, ఓడల మీద వెళ్లే వాళ్ల కోసం కూడా చేసేవారు. ఒక్క దాసు పేరు దగ్గరికి వచ్చేసరికి మాట పక్కకు తిరిగేది.

ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం, ఆయన అన్నం తిని చెయ్యి కడుక్కుంటుండగా సన్యాసమ్మ వచ్చింది. వెనకాల దాసు, భుజం మీద తువ్వాలు.

"అప్పా, పెద్దాయన ఉన్నారా?" అంది. ఆయన్ని చూసి నెత్తి మీద కొంగు సవరించుకుంది. "బాబూ, నువ్వు పార్దన సేస్తే వాన ఎల్లిపోయిందంట. ఈ మడిసి సెవి ఏపాటి? ఒక్క పార్దన సెయ్యి బాబూ. మేం మీ మందిరానికొచ్చీవోలం కాదు, అయినా పుణ్యవుంటాది."

దాసు సిగ్గుపడుతూ ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు. "నా తల మీద సెయ్యెట్టన్నా" అన్నాడు. "ఎడవ సెవే అనుకుంటాను, నీ కేక అటేపు నుంచే గదా వచ్చీది."

ఆయన చెయ్యి దాసు తల మీద పెట్టారు. కళ్లు మూసుకున్నారు. "పరలోకమందున్న తండ్రీ" అన్నారు. తరవాత మాట రాలేదు. నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను. దేశానికీ ఓడలకీ ప్రార్థన చేసిన నోరు అది. ఇంత చిన్న చెవి దగ్గర ఆగిపోయింది.

కళ్లు తెరిచారు. చెయ్యి తీసేశారు.

"నీ సెవి బానే ఉందిరా దాసూ" అన్నారు. "నాను ఆ రోజు కేకెయ్యలేదు. సాక్ష్యం సెప్తా మర్సిపోయేను. బయపడి నీ మీదకి తోసీసేను."

దాసు ముందు నవ్వాడు. నిజంగానే నవ్వాడు. "అయితే నాను సెవిటోణ్ని కాదా?" అన్నాడు పెళ్లాంతో. ఆ తరవాత మెల్లగా మొహం మారింది. లేచి, తువ్వాలు దులిపి వెళ్లిపోయాడు.

సన్యాసమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఓలమ్మో! రెండు నెల్లనుంచి ఆ సెవిలో ఎల్లుల్లి నూనె పోసేను. వావిలాకు పసరు పోసేను. మేకపాలు పోసేను. మంచి సెవి నా సేతుల్తో పాడుసేసుండును గదరా నాయనా! మీ దేవుడు అబద్దాలోలి పార్దన కూడా ఇంటాడేటి?" అని వీధి అంతా వినపడేలా అంది. నా వైపు తిరిగింది. "నువ్వక్కడే ఉన్నావు గదప్పా. బావి కాడ రోజూ నా మొకం ఎలగ సూసేవు?"

"తప్పే సన్యాసీ" అన్నాను. ఆమె వినడానికి నిలబడలేదు.

ఆ సాయంత్రమే ఆయన పెదబాబుగారి దగ్గరికి వెళ్లారు. ఒంటరిగా వెళ్లలేక నన్ను రమ్మన్నారు. విషయం విని పెదబాబుగారు గడ్డం గోక్కున్నారు.

"అయిందేదో అయింది. దాసుగాణ్ణి రేప్పొద్దున్న రమ్మంటాను. నువ్వు మాత్రం ఈ మాట ఇక్కడే కప్పెట్టీ. నా గానుగ కాడ పాకం సూసీవోడే పెనం మాడ్సేడంటే నా బెల్లానికి కూడా మాటొస్తాది."

నాకు మనసు తేలికైంది. దాసుకి పని వచ్చింది, ఆయన పేరూ నిలిచింది, ఇంకేం కావాలి అనుకున్నాను.

"కప్పెడితే కంపు కొడతాది బాబూ" అన్నారు ఆయన. "దేవరాపల్లి దాకా ఆణ్ణి సెవిటోడంటన్నారు. ఆ మాట నానేసింది. నానే తియ్యాలి. ఇంకోటి బాబూ. రేపట్నుంచి దాసుని పెనం కాడెట్టండి. పొయ్యి నాను సూస్తాను."

"నీకు మతి పోయిందేట్రా? ఆడికి పాకం తెలుసా?"

"ఉండ కొట్టినప్పుడల్లా నాను మెట్లెక్కి వచ్చి సూస్తాను. పాడవనివ్వను."

పెదబాబుగారు నా వైపు చూశారు, ఈయన్ని మందలించమన్నట్టు. నేను ఈసారి ఆయన పక్కనే ఉన్నాను. "అలగే కానీండి బాబూ" అన్నాను.

మూడు రోజులు ఆయన గానుగల వెంట తిరిగారు. ప్రతి చోటా అదే మాట: దాసు సెవిటోడు కాడు, నాను అబద్దమాడేను. కొందరు తల దించుకున్నారు. కొందరు నవ్వారు. ఒక చోట ఎవరో, "అయితే పార్దన కావల్సింది నీ నోటికన్నమాట పరదేశీ" అన్నారంట. "అదే సేయించుకుంటన్నాను బాబూ" అన్నారంట ఈయన. ఆ మాట ఇంటికి వచ్చి నాకు చెప్పి తనే నవ్వారు. రెండు నెలల్లో అదే మొదటి నవ్వు.

ఆదివారం మందిరంలో లేచి నిలబడి అందరికీ చెప్పారు. ఇది కూడా సాక్ష్యమే, కానీ చాలా చిన్నది. సంఘ పెద్ద మాట ఆ ఏడు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

దాసు వెంటనే రాలేదు. "నాకు నీ జాలి అక్కర్లేదు" అని కబురు పంపాడు. ఆయన స్వయంగా వెళ్లారు. వాకిట్లో నిలబడి మాట్లాడారని తరవాత సన్యాసమ్మే చెప్పింది. "జాలి కాదురా. పదేళ్లు పెనం కిందున్నావు. మంటెప్పుడు ఎంతుండాలో నాకన్నా నీకే తెలుసు. పైనేటవతందో సూడ్డవే మిగిలింది. రా" అన్నారంట. దాసు ఒక పూట ఆలోచించి వచ్చాడు.

ఊరు నవ్వింది. పాకం మేస్త్రి గోతిలో దిగాడు, పొయ్యివాడు పెనం ఎక్కాడు అని చూడడానికి వచ్చేవారు. నేను అంబలి పట్టుకెళితే మెట్ల మీద నుంచి కిందికి ముంత అందించాల్సి వచ్చేది. దాసు ఉండ చేసి ముంతకు కొట్టేవాడు. ఆయన బూడిద మొహంతో నాలుగు మెట్లు ఎక్కి, చెవి ఒగ్గి విని, "ఇంకో ముద్ద పిప్పి మండాలి" అని మళ్లీ దిగేవారు. మొదటి వారం రోజుకి ఎన్నిసార్లు ఎక్కి దిగారో, రాత్రికి మోకాళ్లు పట్టుకుపోయేవి. రెండో వారానికి దాసు పైనుంచి "అక్కర్లేదన్నా, వచ్చీసింది" అనేవాడు. అన్నట్టే వచ్చేది.

మొదటి రోజు ఇంటికి వచ్చి ఆయన అన్న మాట నేను ఎప్పటికీ మరచిపోను. అన్నం ముందు కూర్చుని, కలపకుండా చేతిలో పట్టుకుని అన్నారు: "ఒసే, కింద కూకుంటే పైమాటలేవీ సరిగ్గా ఇనపడవే. పిప్పి సిటపట, మంట హోరు. ఆ హోరులో పదేళ్లు ఆడు నా కేక ఒక్కటి కూడా పోగొట్టుకోలేదు."

ఆయన విశ్వాసం ఎదిగింది అప్పుడేనని నా నమ్మకం. పొంగు అణిగింది, పాకం వచ్చింది. పైన నిలబడి ఉన్నంత కాలం తన కేకకు ఎవరో పనిచేస్తున్నారన్న సంగతి ఆయనకు తట్టలేదు. గోతిలో దిగాక ఒక కొత్త అలవాటు కూడా పెట్టారు. పైనుంచి దాసు "ఆపు" అంటే కింద నుంచి "ఆపేను" అని తిరుగు కేక వేసేవారు. "ఎగదొయ్యి" అంటే "ఎగదోసేను" అనేవారు. ఆ జవాబు వినపడేదాకా పైవాడు పెనం వదలకూడదు. విన్నాడో లేదో అన్న అనుమానానికి చోటే లేదు. ఎవరి మీదికీ తోసెయ్యడానికి సందు లేదు.

తరవాతి శనివారం ఆయన దాసు ఇంటికి వెళ్లి గుమ్మంలో కాసేపు కూర్చుని వచ్చారు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే "ఎడ్ల సంగతి" అన్నారు. మర్నాడు గిన్నె మా వరసకు వస్తే ఇద్దరం తాగాం. గిన్నె అందిస్తున్న అయ్యగారి చెయ్యి కాస్త ఆగింది.

సన్యాసమ్మ నాతో ఆ వానాకాలం వెళ్లేదాకా మాట్లాడలేదు. నేను వెళ్లేసరికి బావి దగ్గర బిందె తీసుకుని వెళ్లిపోయేది. ఒక రోజు వచ్చి, "అప్పా, మీ రోకలి ఇయ్యి, మాది ఇరిగిపోయింది" అంది. ఇచ్చాను. మర్నాడు రోకలితో పాటు కొత్త చింతకాయ పచ్చడి తెచ్చింది. నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు క్షమించమని ఎన్ని మాటలు కూర్చుకున్నానో, ఏదీ వాడవలసిన అవసరం రాలేదు.

ఆయన మళ్లీ పెనం దగ్గరికి వెళ్లలేదు. పెదబాబుగారు పిలిచారు, ఇంకో గానుగ వాళ్లూ పిలిచారు. "కింద సలవగా ఉంది బాబూ" అని నవ్వేవారు, పొయ్యి నోటి దగ్గర కూర్చుని. యాభై అయిదులో సంఘం వాళ్లు పెద్దరికం మాట మళ్లీ ఎత్తారు. "పెద్ద పని ఒద్దు అయ్యగారూ. మందిరం కప్పు కారతంది, అది నేస్తాను" అన్నారు. నేశారు. మన మందిరానికి ఇప్పుడున్న తాటాకు కప్పు ఆయన చేతిదే. మీరు వానలో పొడిగా కూర్చుని పాడుకుంటున్నారు కదా, ఎప్పుడైనా తల ఎత్తి చూడండి.

పోయిన ఆషాఢంలో ఆయన మంచాన పడ్డాక దాసు రోజూ వచ్చేవాడు. జ్వరం ఎక్కువైన రోజుల్లో ఆయనకు మనుషులు తెలిసేవారు కారు. అయినా మధ్య మధ్య చెవి ఒగ్గి వినేవారు, పైనుంచి ఎవరో పిలిచినట్టు. తొమ్మిదో రోజు పొద్దున, దాసూ సన్యాసమ్మా నేనూ మంచం దగ్గర ఉండగా, కళ్లు తెరవకుండా "ఆపేను" అన్నారు. గట్టిగా, గోతిలో నుంచి అన్నట్టే అన్నారు. దాసు నా వైపు చూశాడు. "నాను పిలవలేదప్పా" అన్నాడు.

"నువ్వు కాదు" అన్నాను.

పిలిచింది ఎవరో నాకు తెలుసు. అందుకే నా ఏడుపులో భయం లేదు. ఇంట్లో ఆయన తలపాగా చిలక్కొయ్యకు ఇంకా వేలాడుతూనే ఉంది, తియ్యలేదు. పొద్దున్నే లేచి అంబలి ఇద్దరికి కాచేసిన రోజులు ఉన్నాయి. ఏడుస్తాను. ఏడ్చి లేస్తాను.

ఈ ఏడు చెరకు కోతలు మొదలయ్యాయని విన్నప్పుడు మొదటి దిమ్మ మాట నాకు గుర్తుకొచ్చింది. ఆయన పెనం దిగిన తరవాత కూడా ఆనవాయితీ ప్రకారం తనకు వచ్చిన మొదటి దిమ్మను దాసు ఏటేటా ఆయన చేతికే ఇచ్చేవాడు, ఆయన మందిరానికి తెచ్చేవారు. ఇప్పుడు మనిషే లేరు. దాసు మన వాడు కాదు. ఆ దిమ్మ మీద మనకు ఏ హక్కూ లేదు. ఈ కోతల పండుగకు బెల్లం ఉండదని అయ్యగారి భార్యతో ముందే చెప్పేశాను కూడా.

పండుగ నాటి పొద్దున మందిరం ముందు కల్లాపి చల్లుతున్నాను. దాసు వచ్చాడు. భుజం మీద అరటాకులో చుట్టిన దిమ్మ. మెట్టు మీద దించాడు. లోపలికి రాలేదు, ఎప్పుడూ రాడు.

"పరదేశన్న వాటా" అన్నాడు.

"ఆయన లేరు కదా దాసూ."

"లేకపోతే? వాటా ఎక్కడికి పోద్ది?" అని ఆకు విప్పాడు. బంగారం రంగు. వేలితో అంచు విరిచి నా చేతిలో పెట్టాడు. "సూడప్పా. పాకం కుదిరిందా?"

నోట్లో వేసుకున్నాను. "కుదిరింది" అన్నాను.

"ఇంక ఎల్తాను. రెండో పెనం ఎక్కిస్తన్నారు" అని తువ్వాలు తలకు చుట్టుకుని పొలం గట్టు పట్టాడు.

నేను కల్లాపి పూర్తి చేసి, దిమ్మ లోపల బల్ల మీద పెట్టి, తలుపు దగ్గర కూర్చున్నాను. మన మందిరానికి పెదబాబుగారి గానుగ కేక దూరంలోనే ఉంది. ఎండ ఎక్కాక గాలి ఇటు తిరిగింది. ముంత అంచుకి ఉండ కొట్టిన చప్పుడు అంత దూరం వినపడదు గానీ, దాసు కేక వినపడింది.

"ఆపూ!"

ఒక్క క్షణం ఏమీ లేదు. తరవాత నేల లోపలి నుంచి, నాకు తెలియని ఎవరిదో కొత్త గొంతు.

"ఆపేను!"

దిమ్మ పగలగొట్టడానికి కత్తిపీట తెచ్చుకోవాలని లేచాను. అందరూ వచ్చే వేళైంది.